గుద్దిన ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ లేదు: స్టేషన్ నుంచి కోర్టు దాకా నా అనుభవం

గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేదని తెలిస్తే ముందు చేయాల్సిన పని ఒకటే. ఆ సంగతి పోలీసు కాగితం మీదికి ఎక్కాలి, అదీ బండి స్టేషన్ గేటు దాటకముందే. ఇన్సూరెన్స్ ఉంటే కొంత ఆలస్యమైనా కంపెనీ ఎక్కడికీ పోదు. లేనప్పుడు ఆ బండి ఒక్కటే మన పరిహారానికి ఆధారం. అది ఊరికి పోయిందంటే, రేపు కోర్టు ఎంత ఇమ్మని తీర్పు చెప్పినా వసూలు చేసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. మా తమ్ముడి కేసు 2025 మే నుంచి నడుస్తోంది. ఎక్కడెక్కడ ఏం జరుగుతుందో, ఏ కాగితం ఎప్పుడు అడగాలో వరుసగా రాస్తున్నాను. ఈ నల్లగొండ జిల్లాలో ఇంకొకరికి ఈ అవసరం రావొద్దనే నా కోరిక. వస్తే మాత్రం ఇది చేతిలో ఉండాలి.

యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతున్న రోజులవి. మే 13న రాత్రి ఏడున్నర దాటాక, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద తిప్పర్తి దాటిన తర్వాత, పొలాల బాటలోంచి వడ్ల ట్రాలీతో ఒక ట్రాక్టర్ రోడ్డెక్కింది. ట్రాలీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేదు, నంబరు ప్లేటు కూడా లేదు. తమ్ముడు బైకు మీద వెనక నుంచి వస్తూ ఆ ట్రాలీకి తగిలాడు. కుడికాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి.

అక్కడున్నవాళ్లు 108కి, 100కి ఫోన్ చేశారు. ఈ రెండు ఫోన్లూ తర్వాత ఎంత పనికొస్తాయో అప్పుడు ఎవరికీ తట్టదు. రెండు చోట్లా కాల్ వచ్చిన టైము రికార్డవుతుంది. ప్రమాదం ఎన్నింటికి జరిగిందో చెప్పే మొదటి సాక్ష్యం అదే. మూడోది దవాఖాన క్యాజువాలిటీలో రాసే ఎంఎల్‌సీ నమోదు, అంటే ఇది పోలీసు కేసుకు సంబంధించిన గాయమని డాక్టరు రాసే కాగితం. రోడ్డు ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ చేయించండి. ‘బండి మీదినుంచి పడ్డాడు’ అని రాయించుకున్నవాళ్ల కేసులు ఆ ఒక్క ముక్కతోనే దెబ్బతిన్నాయి. కేసు లేకుంటే తొందరగా చేర్చుకుంటారని ఎవరో చెబుతారు, నమ్మొద్దు.

ఫొటోల విషయం. అందరూ దెబ్బలూ రక్తమూ ఫొటో తీస్తారు. కావాల్సింది అది కాదు. ట్రాక్టర్ ముందు ప్లేటు, ట్రాలీ వెనక భాగం మొత్తం, లైటు ఉండాల్సిన చోట లేని లైటు, రోడ్డు మీద రెండు బండ్లూ ఆగిన చోటు, దగ్గర్లోని కిలోమీటరు రాయి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్, వేరే ప్రీమియం ఉంటాయి. ఇంజన్‌కు పాలసీ ఉండి ట్రాలీకి లేని కేసులు కూడా ఉంటాయి కాబట్టి రెండింటినీ వేరువేరుగా చూపించే ఫొటోలు తీయాలి.

ఆ రాత్రి దవాఖానలో డబ్బు మాట. మే 5న కేంద్రం నగదు రహిత చికిత్స పథకానికి గెజిట్ ఇచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా చికిత్స ఖర్చు. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా వర్తిస్తుంది, లేనప్పుడు ఆ డబ్బు మోటారు వాహన ప్రమాద నిధి నుంచి వస్తుంది. మేం అడిగితే, మేం వెళ్లిన ప్రైవేటు దవాఖానలో ఎవరూ ఆ పేరు కూడా వినలేదన్నారు. అప్పటికి గెజిట్ వచ్చి వారం. వాళ్లకు ఆరోగ్యశ్రీ కూడా లేదు. ఇంకో దవాఖానకు మార్చే ధైర్యం ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆపరేషన్, లోపల వేసిన రాడ్డు, బెడ్డు, మందులు కలిపి 1,45,000 చిల్లర అయింది. ఇప్పుడు ఎవరికైనా జరిగితే అడ్మిషన్ కౌంటర్ దగ్గర మొదట ఈ పథకం గురించే అడగండి. లేదంటే పథకంలో ఉన్న దవాఖాన ఏదో 112కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అందరూ వెంటనే ఎంపరివాహన్ యాప్ తెరుస్తారు. ఇక్కడ తెలంగాణవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన రవాణా శాఖ చాలా ఏళ్లు కేంద్రం వారి వాహన్ వ్యవస్థలో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్ నడిపింది. అందుకని మన బండ్ల వివరాలు ఆ యాప్‌లో అన్నిసార్లూ సరిగ్గా కనబడవు. వివరాలు రాలేదంటే ఇన్సూరెన్స్ లేదని కాదు. వచ్చిన తేదీ పాతదైనంత మాత్రాన పాలసీ తీరిపోయిందనీ కాదు, కొత్త పాలసీ ఇంకా ఎక్కకపోయి ఉండొచ్చు. పైగా మమ్మల్ని గుద్దింది ఏపీ 24 నంబరు బండి, అంటే 2014కు ముందు నల్లగొండలో రిజిస్టరైంది. ఇలాంటి పాతవాటి రికార్డు మరీ అతుకుల బొంత.

పక్కాగా చూడాలంటే మూడు చోట్లు. ఒకటి, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైట్. అక్కడ మన పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, చోటు నింపితే ఆ తేదీన పాలసీ ఉందా అని వెతుకుతుంది. రెండు, పోలీసుల దగ్గరుండే టీఎస్‌కాప్ యాప్. మూడోదే చట్టపరంగా నిలబడేది: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 158 కింద పోలీసులు ఓనరుకు నోటీసిచ్చి పాలసీ చూపించమనడం. మొదటి రెండూ మన అనుమానానికి బలం, మూడోది రుజువు. ఏ స్క్రీన్ చూసినా తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఎందుకో కింద చెబుతాను.

మర్నాడు పొద్దున స్టేషన్‌కు పోయాను. దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. స్టేషన్ రైటర్ ఒక నమూనా చేతికిస్తారు, అందులో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అనే వాక్యం ఉంటుంది, ఇన్సూరెన్స్ ఊసు ఉండదు. అడిగితే “అది ఇన్వెస్టిగేషన్‌లో మేం చూసుకుంటం, మీరు యాక్సిడెంట్ వరకు రాయండి” అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ నేను రాయించాలనే పట్టుబట్టాను. రాసింది ఇదీ:

‘సదరు ట్రాక్టరుకు, దానికి తగిలించిన నంబరు లేని ట్రాలీకి ప్రమాదం జరిగిన సమయానికి అమల్లో ఉన్న థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేదని మాకు తెలిసింది. విచారించి మోటారు వాహనాల చట్టం 146, 196 సెక్షన్ల కింద కూడా చర్య తీసుకోగలరు. విచారణ పూర్తయ్యే వరకు, కోర్టు ఉత్తర్వు లేకుండా వాహనాన్ని ఓనరుకు అప్పగించవద్దని మనవి.’

‘తెలిసింది’ అన్న మాట కావాలనే వాడాను. ‘లేదు’ అని ఖరాఖండిగా రాస్తే, తర్వాత ఎక్కడైనా పాలసీ బయటపడితే మన దరఖాస్తు మొత్తాన్నీ అనుమానిస్తారు. తెలిసింది అంటే దాన్ని తేల్చాల్సిన బాధ్యత వాళ్లది.

ఎఫ్‌ఐఆర్ బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 281, 125(ఏ) కింద కట్టారు. అంటే ర్యాష్ డ్రైవింగ్, మామూలు గాయం. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, 125(బి) కావాలి. కానీ దవాఖాన నుంచి ఊండ్ సర్టిఫికెట్ (ఏ గాయం ఎంత తీవ్రమో డాక్టరు రాసిచ్చే కాగితం) వచ్చేదాకా మొదట 125(ఏ)తోనే కడతారు, తర్వాత సెక్షన్ మార్పు మెమో కోర్టుకు పంపుతారు. దీనికి కంగారు పడనక్కర్లేదు, కానీ ఆ మెమో పోయిందో లేదో అడుగుతూ ఉండాలి. ఊండ్ సర్టిఫికెట్ దానంతటది రాదు. ఎక్స్‌రే రిపోర్టు అతికించి డాక్టరు సంతకం చేసి ఇచ్చేదాకా ఎవరో ఒకరు వెంటపడాలి, మా విషయంలో అది జూన్ చివరికి గానీ చేతికి రాలేదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 చెబుతోంది. తెలంగాణ పోలీసు వెబ్‌సైట్‌లోనూ దించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ లేకుండా నడిపినందుకు పెట్టే 196 సెక్షన్ మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో పెట్టలేదు. ‘పాలసీ లేదని తేలాక కలుపుతాం’ అన్నారు. ఆ మాట తప్పు కాదు. కానీ తేలిందని వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పరు. అందుకని ఎస్‌ఐ గారి పేరు మీద ఇంకో కాగితం రాసి, బ్యూరో వెబ్‌సైట్ ప్రింటు జతచేసి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేయనంటే అదే కాగితం ఎస్‌పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు, సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వొచ్చు. మాకు అంతదాకా రాలేదు.

అసలు దెబ్బ ఆ వారంలోనే. ఓనరు తరఫువాళ్లు స్టేషన్‌కు పాలసీ తెచ్చిచ్చారు! రైటర్ దాన్ని ఫైలులో పెట్టి, “ఇన్సూరెన్స్ ఉందండీ, ఇక మీకేం ఇబ్బంది లేదు, కంపెనీయే ఇస్తది” అన్నారు. ఒక్క క్షణం నాకూ ప్రాణం లేచొచ్చింది. చూపించమని అడిగాను. పాలసీ మొదటి పేజీలో, ఓనరు పేరుకు కింద, పాలసీ కాలం అని చిన్న గడి ఉంటుంది. అందులో ‘14 మే 2025, 09:22 గంటల నుంచి’ అని ఉంది. ప్రమాదం 13 రాత్రి. పొద్దున లేచి ఫోన్‌లో కొనేశారు. పాలసీ తీరిపోయిన బండికి ఫుల్ ఇన్సూరెన్స్ కావాలంటే కంపెనీవాళ్లు బండిని తనిఖీ చేస్తారు గానీ, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) ఒక్కటే అయితే తనిఖీ లేకుండా పది నిమిషాల్లో వస్తుంది.

ఇక్కడ ఎఫ్‌ఐఆర్‌లో రెండు గడులు చూడాలి. ‘సంఘటన జరిగిన తేదీ, సమయం’ ఒకటి, ‘స్టేషన్‌కు సమాచారం అందిన తేదీ, సమయం’ ఇంకొకటి. మా దరఖాస్తు 14న పది దాటాక తీసుకున్నారు. అంటే ఎఫ్‌ఐఆర్ తేదీ ప్రకారం చూస్తే పాలసీ ముందు, కేసు తర్వాత! సంఘటన సమయం గడిలో 13 రాత్రి 7.40 అని సరిగ్గా ఉండబట్టి, దానికి 100 కాల్ రికార్డూ ఎంఎల్‌సీ టైమూ తోడుండబట్టి ఆ పాలసీ నిలబడలేదు. పాలసీ మీద గంట వేసి ఉంటే కవరు ఆ గంట నుంచే మొదలవుతుంది, అంతకుముందు జరిగినదానికి కంపెనీకి సంబంధం లేదు. ఈ పాలసీని నమ్ముకొని మేం ఊరుకొని ఉంటే, కంపెనీ ఏడాది తర్వాత కోర్టులో ఇదే గడి చూపించి తప్పుకునేది, ట్రాక్టర్ అప్పటికి చేతులు మారి ఉండేది. ఎఫ్‌ఐఆర్ మీద సంతకం పెట్టేముందు సంఘటన సమయం గడిని వేలుపెట్టి చదవండి.

తర్వాత ఎంవీఐ తనిఖీ. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు వచ్చి బ్రేకులు, స్టీరింగ్, లైట్లు చూసి, మెకానికల్ లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా అని రిపోర్టు ఇస్తారు. మాకు వారంలోపే అయింది. ట్రాలీకి వెనక లైట్లు లేవని అందులో రాశారు. ఇది మాకు కీలకం. ఎందుకంటే వెనక నుంచి వచ్చి గుద్దింది బైకే కదా అని అవతలివాళ్ల వాదన.

తనిఖీ అయిన వెంటనే బండి వదలమని ఒత్తిడి మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136లో, లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో బండి తిరిగి ఇవ్వాలని ఉంది. ఓనర్లు, వాళ్ల వెంట వచ్చే పెద్దమనుషులు దాన్నే పట్టుకుంటారు. ఇన్సూరెన్స్ ఉన్న బండికి అది సరే. లేని బండికి వేరే నియమం ఉంది, స్టేషన్లో దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల సవరణ నియమాల్లో, 150ఏ కింద, 13వ అనుబంధంలో ఉంటుంది. మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, ఆస్తి నష్టమైనా, గుద్దిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకపోతే, పరిహారానికి సరిపోయే హామీ ఓనరు కోర్టులో పెట్టేదాకా ఏ కోర్టూ ఆ బండిని విడుదల చేయకూడదు. హామీ పెట్టకపోతే, పోలీసులు బండిని స్వాధీనం చేసుకున్న రోజు నుంచి మూడు నెలలు గడిచాక మేజిస్ట్రేట్ దాన్ని వేలం వేయాలి, వచ్చిన సొమ్ము 15 రోజుల్లో క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, జమ కావాలి. ఇలాంటి నియమం పెట్టుకోమని 2018 సెప్టెంబర్‌లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

ఆ పేజీ ప్రింటు తీసి ఎస్‌ఐ గారికి ఇచ్చాను. ఆయన చదివి, “అయితే కోర్టు ద్వారానే పోనీయండి” అని ఓనరువాళ్లకు చెప్పారు. ఆ ఒక్క మాట మా కేసును నిలబెట్టింది.

కోర్టులో ఇంకో చిక్కు ఉంది. బండి కోసం ఓనరు వేసే పిటిషన్‌లో మనం పార్టీ కాము, మనకు నోటీసు రాదు. అది క్రిమినల్ ఎంపీగా (మిసలేనియస్ పిటిషన్‌గా) నంబరవుతుంది, రెండు మూడు వాయిదాల్లో ఆర్డరు అయిపోతుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకొచ్చు. పిటిషన్ పడిందని అలాగే తెలిసింది. వెంటనే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను కలిసి, దవాఖాన బిల్లులు, 14వ తేదీ పాలసీ నకలు, నియమం ఉన్న పేజీ మూడూ ఇచ్చాం. ఆయన అభ్యంతరం దాఖలు చేశారు. మామూలుగా ఇద్దరు జామీనుదారుల సంతకాలతో బండి ఇచ్చేస్తారు. ఇక్కడ మాత్రం స్థిరాస్తి హామీ పెట్టమన్నారు. ఓనరు తహసీల్దారు దగ్గర సాల్వెన్సీ సర్టిఫికెట్ (అంత స్తోమత ఉందని ఇచ్చే పత్రం) తెచ్చి, పట్టా భూమి చూపించి, జూన్ నడిమధ్యలో ట్రాక్టర్ తీసుకుపోయారు. హామీ ఎంతకు అన్నది జడ్జి నిర్ణయం, కాబట్టి అప్పటికి అయిన బిల్లులు మాత్రమే కాకుండా డాక్టరు చేత ముందు ముందు పట్టే ఖర్చు అంచనా రాయించి ఇస్తే మేలు. రాడ్డు తీయడానికి ఇంకో ఆపరేషన్ ఉంటుందని మేం రాయించి ఇచ్చాం.

ఆ నెల రోజులూ మా ఇంట్లో మనశ్శాంతి లేదు. వానాకాలం దుక్కులు మొదలయ్యే సమయం, ట్రాక్టర్ స్టేషన్లో. నడిపినతను పెద్ద ఆసామి ఏమీ కాదు. వాళ్ల అమ్మ దవాఖానకు వచ్చి తమ్ముడి మంచం పక్కన కూర్చొని ఏడ్చింది. ఊరి పెద్దమనుషులు వచ్చి, “కేసు ఎందుకు తమ్మీ, కాలుకైన ఖర్చు వాళ్లే పెట్టుకుంటరు, ఒక కాగితం రాసుకుందాం, బండి ఇడిపియ్యి” అన్నారు. నాకు జాలి వేయలేదని అబద్ధం చెప్పను. మంచం మీద పాతికేళ్ల పిల్లగాడు, కరెంటు పనికి పోయి ఇల్లు నడిపేవాడు, కాలు కింద పెట్టలేకుండా ఉన్నాడు. ఆ కాగితంలో ఏం రాశారో అడిగి చూశాను. 40,000 ముట్టినట్టు, ఇకపై ఏ క్లెయిమూ చేయబోమని. మిగతా లక్ష ఎప్పుడిస్తారో అందులో లేదు. డబ్బు తీసుకోదలచుకుంటే తీసుకోండి, రసీదులో ‘వైద్య ఖర్చుల కింద పాక్షికంగా’ అని రాయండి, ‘పూర్తి పరిహారం’ అని ఎట్టి పరిస్థితుల్లో రాయొద్దు. ఖాళీ బాండు పేపరు మీద సంతకం అసలే వద్దు.

ఇక పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపాల్సిన కాగితాలు. 2022 నియమాల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి ప్రమాద రిపోర్టు, ఫారం–1. బాధితుడి హక్కులు రాసిన ఫారం–2 మన చేతికి ఇవ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, ఫారం–5. మన ఆదాయం, కుటుంబం, ఖర్చులు నింపేది ఫారం–6. 90 రోజుల్లో పూర్తి రిపోర్టు, ఫారం–7, దీన్నే డీఏఆర్ అంటారు. గడువులు కాగితం మీద ఉన్నంత చక్కగా నడవవు. మాకు డీఏఆర్ సెప్టెంబర్‌లో పూర్తయింది. కానీ ఫారం నంబరు చెప్పి అడిగితే సమాధానం వస్తుంది, ‘మా కేసు ఏమైంది సార్’ అంటే ‘నడుస్తోంది’ అనే వస్తుంది. ఫారం–6 తెచ్చి ఇచ్చేదాకా ఆగకుండా మనమే అడిగి నింపి, జీతం లేదా కూలి రుజువులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జతచేసి ఇవ్వడం మంచిది.

చార్జిషీటులో 281, 125(బి)తో పాటు 196 కూడా వచ్చింది. చాలామంది అనుకునేది ఏమిటంటే ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే భారీ శిక్ష పడుతుందని. మొదటిసారి అయితే మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే జరిమానా 4,000. ఆచరణలో జరిమానాతోనే పోతుంది. ఆ అంకె చూసి మా నాన్నకు కోపం ఆగలేదు. 196 విలువ జరిమానాలో లేదు. బండికి ఇన్సూరెన్స్ లేదని పోలీసులే దర్యాప్తు చేసి రాసిన కాగితం అది, ట్రిబ్యునల్‌లో ఓనరు ‘పాలసీ ఉంది’ అని అనలేడు.

క్లెయిమ్ వేసేటప్పుడు ఎవరి మీద వేయాలన్నది పెద్ద ప్రశ్న. నడిపినతను ఆ ట్రాక్టర్‌ను 100 రూపాయల బాండు పేపరు మీద కొన్నాడు, ఆర్‌సీ ఇంకా దేవరకొండ వైపు ఉండే పాత ఓనరు పేరు మీదే ఉంది. ఆయనకు సమన్లు పోగానే ఫోన్ చేసి, “నేను అమ్మి ఎన్నేండ్లాయె, నన్నెందుకు గుంజుతున్నరు” అని బాధపడ్డారు. ఆయన బాధ నిజమే, కానీ ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. అందుకే ఆర్‌సీ ఓనరు, ప్రస్తుతం బండి దగ్గరున్న మనిషి, నడిపిన మనిషి, అందరినీ ప్రతివాదులుగా పెట్టాలి. బాండు పేపరు మీద బండి అమ్మేసి ఆర్‌సీ మార్చనివాళ్లు మన జిల్లాల్లో లెక్కలేనంత మంది. ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఉంటే ఈ వారమే ఆర్టీఏ పని పూర్తి చేసుకోండి.

మోటారు వాహనాల చట్టంలోని రెండు సెక్షన్లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. 164 కింద వేస్తే తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేదు. తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు, అంతకు మించి రాదు. ఇన్సూరెన్స్ లేకపోతే ఓనరే కట్టాలి. 166 కింద అయితే నిర్లక్ష్యం రుజువు చేయాలి, ఆదాయ నష్టం, వైకల్యం అన్నీ కలిపి అడగొచ్చు. ట్రాలీకి లైట్లు లేవన్న ఎంవీఐ రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి మేం 166 ఎంచుకున్నాం. ప్రమాదం జరిగిన చోటే వేయాలనేమీ లేదు, బాధితుడు ఉండే జిల్లాలోనూ వేయొచ్చు. గడువు ఆరు నెలలు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడుస్తోంది గానీ దాన్ని నమ్ముకొని ఆగొద్దు. మేం అక్టోబర్‌లో వేశాం. హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000 వస్తుంది కదా అని కొందరు సలహా ఇచ్చారు. అది గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు మాత్రమే. బండి దొరికి, ఇన్సూరెన్స్ లేదంటే వర్తించదు.

లాయరు దొరకడమూ అంత తేలిక కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఉన్న కేసులను ఇష్టంగా తీసుకుంటారు, కంపెనీ లేదనగానే మొహం మారుతుంది. వచ్చినదాంట్లో ఇంత శాతం అని అడిగేవాళ్లుంటారు, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. మేం 15,000 ముందుగా మాట్లాడుకొని ఇచ్చాం. స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు, ఫోన్ నంబరు 15100. తమ్ముడి బైకుకు థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది, కాబట్టి ముందు చక్రం, ఫోర్కు మార్చిన ఖర్చు సొంత పాలసీ నుంచి రాలేదు. అదీ క్లెయిమ్‌లోనే అడిగాం. మెకానిక్ తెల్లకాగితం లెక్క పనికిరాదు, బిల్లు కావాలి. పాత పార్టులు పారేయకముందే ఫొటో తీయాలి.

ప్రమాదం లేకుండానే ఇన్సూరెన్స్ లేని బండి గురించి పోలీసులకు చెప్పొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చెప్పొచ్చు. కానీ ‘ఫలానా ఆయన బండికి పాలసీ లేదు’ అంటే పోలీసులు ఇంటికి పోయి చూడరు. ఆ బండి రోడ్డు మీద తిరగాలి, వాళ్లు ఆపాలి. రోజూ ఏ దారిన, ఏ సమయానికి పోతుందో, నంబరు ఏమిటో రాసి ఇస్తే తనిఖీ పెడతారు. బండిని సీజ్ చేయలేదని నిరాశ పడొద్దు, ఇన్సూరెన్స్ లేదన్న ఒక్క కారణానికి బండి పట్టుకునే అధికారం సెక్షన్ 207లో లేదు. లైసెన్సో రిజిస్ట్రేషనో పర్మిటో కూడా లేకపోతేనే. కేసు మాత్రం నడిపినవాడి మీదా, తెలిసి నడపనిచ్చిన ఓనరు మీదా పెట్టొచ్చు. బడి పిల్లలను, కూలీలను ఎక్కించుకునే బండ్ల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలని నా అభిప్రాయం. బైకులైతే ఆరో ఏడు నుంచి చూడండి. 2018 సెప్టెంబర్ తర్వాత కొన్న కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ షోరూంలోనే కట్టించుకున్నారు, అది తీరాక ఎవరూ గుర్తుచేయరు. 2025లో 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ ఉండేది. తమ్ముడి కాలులో వేసిన ఒక్క రాడ్డు ధర అంతకు ఎన్నో రెట్లు.

ఇప్పుడు ట్రిబ్యునల్‌లో మా సాక్ష్యం నడుస్తోంది. తమ్ముడిది అయింది, ఆపరేషన్ చేసిన డాక్టరును విచారించాలి. ఆయన రాకపోతే బిల్లులూ ఎక్స్‌రేలూ రుజువు కావు, కాబట్టి కోర్టు నుంచి సమన్లు తీయించి, ఆయనకు వీలైన తేదీ ముందే మాట్లాడుకోవాలి. బిల్లులు అసలువే కావాలి. థర్మల్ కాగితం మీద వచ్చేవి నాలుగు నెలల్లో తెల్లబడిపోతాయి, వచ్చిన రోజే జిరాక్స్ తీసి మందుల షాపు ముద్ర వేయించండి. తీర్పు వచ్చాక ఓనరు కట్టకపోతే సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ ఇస్తుంది, భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. ఈలోగా ఆస్తి చేతులు మారకుండా చూసుకోవాలి. హామీగా పెట్టిన భూమి సర్వే నంబరును వాయిదాకు ముందు భూభారతి పోర్టల్‌లో చూస్తున్నాం. అమ్మకానికి స్లాట్ బుక్ అయినట్టు తెలిస్తే అదే రోజు జప్తు కోసం వేయడానికి పిటిషన్ రాయించి లాయరు దగ్గర పెట్టాం.